బాధితుడు మన అబ్బాయే అయితే?

కొన్ని నెలల క్రితం మాట. ఇషా నమాజు ముగిసింది. అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. మస్జిద్ దీపాలు ఆర్పబోతుంటే, వుజూ చేసుకునే చోట ఒక కుర్రవాడు ఒంటరిగా కూర్చుని కనిపించాడు. శ్రీకూర్మం నుంచి రోజూ బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి చదువుకునే పిల్లల్లో అతనొకడు. వయసు 19 ఏళ్లు. అతని పేరు, కాలేజీ పేరు మనకు అవసరం లేదు. “హజ్రత్, ఒక మాట అడగాలి. మీరు కోప్పడకూడదు” అన్నాడు.

తోటి విద్యార్థిని ఒకామెతో ఫోనులో స్నేహం మొదలయింది. అది ప్రేమ అనుకున్నారు ఇద్దరూ. కొన్నాళ్లకు ఆమె అతని ఫోను తన చేతిలోకి తీసుకుంది. ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మాట్లాడకూడదో ఆమే నిర్ణయించేది. కోపం వస్తే చెంపదెబ్బలు, గోళ్లతో రక్కడం. వదిలేస్తానంటే ఇద్దరూ దిగిన ఫోటోలు అతని ఇంటికి పంపుతానని బెదిరింపు. ఆ భయంతోనే ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన డబ్బు కూడా ఆమె చేతికే వెళ్లింది. స్నేహితుడికి చెప్పుకుంటే, ఆడపిల్ల కొడితే ఏడుస్తావేంట్రా అని నవ్వాడు. అమ్మీకి సగం చెప్పేసరికే, నిన్నెవరు వెళ్లమన్నారు, నీకలాగే కావాలి అంది.

అంతా చెప్పి అతను అడిగిన ప్రశ్న ఇది: “నేను చేసింది గునా అని నాకు తెలుసు హజ్రత్. కానీ గునా చేసినవాడి మీద జులుం చేస్తే అది జులుం కాదా?”

పాఠకులారా! ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. ఇది ఒక్క కుర్రవాడి ప్రశ్న కాదు. మన ఇళ్లల్లో ఎంతమంది పిల్లలు ఈ ప్రశ్నను గుండెల్లో దాచుకుని తిరుగుతున్నారో అల్లాహ్‌కే తెలుసు.

జులుంకు ఆడ, మగ తేడా లేదు

అరబీ పండితులు జులుం అనే పదానికి ఇచ్చే అర్థం, ఒక వస్తువును దాని స్థానంలో కాక వేరొక చోట ఉంచడం. దెబ్బ పడకూడని చోట దెబ్బ వేయడం, హక్కు లేని చోట అధికారం చెలాయించడం, ఇవన్నీ జులుమే. అల్లాహ్ తన మీద తానే జులుంను నిషేధించుకున్నాడని, తన దాసుల మధ్య కూడా దాన్ని హరాం చేశాడని ముస్లిం గ్రంథంలోని హదీసె ఖుద్సీ ద్వారా మనకు తెలుస్తోంది. అందులో సంబోధన దాసులందరికీ. పురుషుల్ని మినహాయించిన మాట ఎక్కడా లేదు.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్నకు సూటి జవాబు. ముస్నద్ అహ్మద్‌లో ఉన్న ఒక హదీసు భావం ప్రకారం, మజ్లూం దుఆ అంగీకరించబడుతుంది, అతను పాపాత్ముడైనా సరే. అతని పాపం బరువు అతని మీదే ఉంటుంది. అంతేగాని ఆ పాపం వల్ల అతని మొర అల్లాహ్ సన్నిధిలో ఆగిపోదు.

దీన్ని బట్టి అర్థమయ్యేది ఏమిటి? ఖాతాలు రెండు. గైర్ మహ్రంతో ఏకాంతంగా మెలగడం, హద్దు మీరిన స్నేహం చేయడం ఒక ఖాతా. అది దాసునికీ, అతని ప్రభువుకూ మధ్య ఉన్న విషయం. దానికి మార్గం తౌబా. ఆ దాసుని మీద మరొకరు చేసిన జులుం రెండో ఖాతా. అది హుఖూఖుల్ ఇబాద్ కిందికి, అంటే దాసుల హక్కుల కిందికి వస్తుంది. దాన్ని ఆపడం చూసినవారందరి బాధ్యత. మొదటి ఖాతాను చూపించి రెండో ఖాతాను కొట్టివేసే అధికారం తల్లికి గాని, తండ్రికి గాని, మౌల్వీకి గాని లేదు. నీకలాగే కావాలి అన్న మాట, తెలిసో తెలియకో, జాలిమ్ చేతిని బలపరిచే మాట.

యూసుఫ్ (అలైహిస్సలాం) చొక్కా

మగవాడు కూడా బాధితుడు కాగలడా అని సందేహించేవారు దివ్యఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను మరోసారి తెరవాలి. ఆ యువకుడు ఎవరు? సొంత అన్నలు బావిలో పడవేస్తే, బాటసారులు తీసి కొద్దిపాటి వెలకు అమ్మేసిన కుర్రవాడు. పరాయి దేశంలో, పరాయి ఇంట్లో బతుకుతున్నవాడు. అతన్ని లొంగదీసుకోవాలని చూసింది ఆ ఇంటి యజమానురాలు. తలుపులన్నీ మూసింది. అంటే బలం ఎవరి వైపు ఉంది? కండబలం సంగతి ఏమైనా, అధికారం ఆమె చేతిలో ఉంది.

యూసుఫ్ (అ.స) అల్లాహ్ శరణు కోరి తలుపు వైపు పరుగెత్తారు. ఆమె వెనుక నుంచి చొక్కా పట్టి లాగితే అది చిరిగింది. తలుపు దగ్గర భర్త ఎదురయ్యాడు. మరుక్షణమే ఆమె నేరాన్ని యూసుఫ్ (అ.స) మీదికి నెట్టింది. అప్పుడు ఆమె బంధువుల్లోనే ఒకరు న్యాయమైన మాట చెప్పారు. చొక్కా ముందు చిరిగి ఉంటే ఆమె మాట నిజం, వెనుక చిరిగి ఉంటే ఆయన మాట నిజం. చూస్తే చొక్కా వెనుక చిరిగి ఉంది.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. మొదటిది, ఆరోపించింది స్త్రీయా, పురుషుడా అన్న దాన్ని బట్టి తీర్పు ఉండదు. సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది. రెండోది, నిర్దోషి అని తెలిశాక కూడా ఆయన్ను జైలుకు పంపారు. పరువు కోసం మజ్లూంను దాచేయడం నాటి నుంచీ ఉన్న రోగమే. మూడోది ముఖ్యమైనది. ఏళ్ల తర్వాత రాజు పిలుపు వచ్చినప్పుడు యూసుఫ్ (అ.స) వెంటనే బయటికి రాలేదు. ముందు ఆ వ్యవహారాన్ని విచారించమని కబురు పంపారు. విచారణ జరిగింది. నగర స్త్రీలు ఆయనలో ఏ చెడూ చూడలేదన్నారు. అజీజ్ భార్య తన తప్పు ఒప్పుకుంది. తన మీద పడిన మచ్చను తుడిచివేయమని కోరడం ఒక ప్రవక్తకు అవమానం కాలేదు. అలాంటప్పుడు మన పిల్లవాడు నా మాట వినండి అంటే అది మగతనానికి లోటు ఎలా అవుతుంది?

ఏడ్చేవాడు మగాడే కాదు అన్న మాట కూడా మన ధర్మంలోనిది కాదు. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ (అ.స) కళ్లు తెల్లబడ్డాయని అదే సూరా చెబుతోంది. తన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం ప్రాణం పోతున్నప్పుడు మహాప్రవక్త (సఅసం) కళ్ల వెంట నీరు కారింది. ఆ కన్నీటిని అనుచరులు చూశారు.

మన చుట్టుపక్కల జరిగినవి

ప్రేమ పేరుతో జరుగుతున్న హింసలో ఎక్కువగా నలిగేది ఆడపిల్లలే. ఈ నిజాన్ని దాచడం కూడా జులుమే అవుతుంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. 2021 ఆగస్టు 15న, దేశమంతా పండుగ చేసుకుంటున్న రోజున, గుంటూరులో ఒక బీటెక్ విద్యార్థినిని నడిరోడ్డు మీద కత్తితో పొడిచి చంపాడు ఒక యువకుడు. వారి పరిచయం సామాజిక మాధ్యమంలో మొదలైనదే. 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు అతనికి ఉరిశిక్ష విధించింది.

అయితే అదే 2022 ఏప్రిల్‌లో మన ఉత్తరాంధ్రలోనే మరో సంఘటన జరిగింది. అనకాపల్లి జిల్లా రావికమతం మండలంలో ఒక యువతికి పెద్దలు పెళ్లి కుదిర్చారు. ఏప్రిల్ 18న ఆమె కాబోయే భర్తను ఒక కొండ మీదికి తీసుకెళ్లింది. కానుక ఇస్తానని కళ్లకు గుడ్డ కట్టి, కత్తితో గొంతు కోసింది. అల్లాహ్ దయవల్ల ఆ యువకుడు బతికాడు. ఆ పెళ్లి తనకు ఇష్టం లేదన్నది ఆమె చెప్పిన కారణం. ఆ కారణం ఆమె నేరాన్ని కొంచెం కూడా తగ్గించదు. కానీ పెద్దలకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది.

కేరళలో 2022 అక్టోబరులో ఒక విద్యార్థికి అతని ప్రియురాలు కషాయంలో గడ్డిమందు కలిపి ఇచ్చింది. వేరే సంబంధం కుదరడంతో అతన్ని వదిలించుకోవాలనుకుంది. ఆ కుర్రవాడు పదకొండు రోజులు ఆసుపత్రిలో నరకయాతన పడి అక్టోబరు 25న చనిపోయాడు. అంత బాధలో కూడా ఆమె మీద నేరం మోపడానికి అతను ఒప్పుకోలేదు. 2025 జనవరి 20న నెయ్యాట్టింకర కోర్టు ఆమెకు ఉరిశిక్ష వేసింది.

ఇవి పత్రికలకెక్కిన ఘోరాలు. పత్రికలకు ఎక్కనివి ఇంకెన్నో. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఆ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా, అంటే 52.94 శాతం, మగపిల్లలే! ఆడపిల్లను కాపాడితే చాలు, మగపిల్లవాడికి ఏమవుతుంది అనుకునే తల్లిదండ్రులు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

మరో లెక్క కూడా చూడండి. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 1,22,724 మంది పురుషులు. వీరందరి కారణాలు ఒకటి కావు. కానీ బాధను నోరు తెరిచి చెప్పుకోలేకపోవడం కూడా ఒక మనిషిని చావు అంచుకు నెట్టగలదని మేము ఆ రాత్రి ఆ కుర్రవాడి ముఖంలో చూశాము.

ముగీస్ కన్నీళ్లు, బరీరా (రజి) నిర్ణయం

వద్దు అన్న మాటను ఎలా స్వీకరించాలో నేటి యువతకు నేర్పే సంఘటన ఒకటి బుఖారీలో ఉంది. బరీరా (రజి) బానిసగా ఉండి విముక్తి పొందారు. ఆమె భర్త ముగీస్ (రజి). విముక్తి పొందిన స్త్రీకి ఆ వివాహంలో కొనసాగే లేదా విడిపోయే హక్కు ఉంటుంది. ఆమె విడిపోవాలని నిర్ణయించుకున్నారు. ముగీస్ (రజి) మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెంట తిరిగేవారు. కన్నీళ్లతో గడ్డం తడిసిపోయేది. దైవప్రవక్త (సఅసం) మనసు కరిగి, అతని దగ్గరికి తిరిగి వెళ్లకూడదా అని ఆమెను అడిగారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు ప్రవక్త (సఅసం). అయితే నాకు అతని అవసరం లేదన్నారామె. అంతటితో విషయం ముగిసింది.

గమనించండి. అడిగినవారు సాక్షాత్తూ దైవప్రవక్త (సఅసం). అయినా ఆమె కాదన్నారు. ఆ మాటకు గౌరవం దక్కింది. ముగీస్ (రజి) ఏడ్చారు గాని, ఆమె మీద చెయ్యెత్తలేదు. ఆమె పరువు తీయలేదు. ప్రేమించినవాడికి ఏడ్చే హక్కు ఉంది. హాని చేసే హక్కు లేదు. ఈ సూత్రం అబ్బాయికీ, అమ్మాయికీ ఒకటే.

రావికమతం సంఘటనలోని హెచ్చరిక కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కు ఆమె తండ్రి ఇష్టం లేని నికాహ్ చేస్తే, ఆమె ఫిర్యాదు విని దైవప్రవక్త (సఅసం) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. ఇది కూడా బుఖారీలోనిదే. అమ్మాయిని, అబ్బాయిని నిజంగా అడగాలి. పెళ్లిపందిరిలో వకీలు, సాక్షులు వచ్చి అడిగేది చివరి మాట. అంతకు ముందు ఇంట్లో, భయం లేని చోట, అడగడం తల్లిదండ్రుల విధి. నోరు నొక్కిన చోట ద్వేషం పుడుతుంది. ఆ ద్వేషం ఏ పాపం ఎరుగని రెండోవారి మీద పడుతుంది.

చట్టం ఏమంటోంది?

మన పిల్లలకు చట్టం కూడా తెలియాలి. 18 ఏళ్లు నిండని పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం రక్షణ ఇస్తుంది. అందులో బాలుడు, బాలిక అన్న తేడా లేదు. అదే చట్టం మరో సంగతి కూడా చెబుతుంది. 18 ఏళ్లు నిండని అమ్మాయితో శారీరక సంబంధం పెట్టుకుంటే, ఆమె ఇష్టపడింది అన్న మాట కోర్టులో నిలవదు. మగపిల్లలకు ఈ విషయం స్పష్టంగా చెప్పాలి.

18 ఏళ్లు దాటిన యువకుల విషయంలో చట్టంలో లోటు ఉంది. అత్యాచారం, వెంటపడి వేధించడం వంటి సెక్షన్లలో బాధితురాలిగా స్త్రీనే గుర్తించారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. పాత 377వ సెక్షన్ బలవంతానికి గురైన పురుషుడికి కొంత ఆధారంగా ఉండేది. కొత్త సంహితలో దానికి సమానమైన సెక్షన్ లేదు. అయినా దారులన్నీ మూసుకుపోలేదు. కొట్టడం, గాయపరచడం, బెదిరించడం, బెదిరించి డబ్బు గుంజడం ఎవరి మీద జరిగినా నేరమే. ఒకరి నగ్న చిత్రాలను అనుమతి లేకుండా తీసినా, ఇతరులకు పంపినా ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ చేసిన 2015 నిబంధనలు కూడా కొందరు మగ విద్యార్థులు వేధింపులకు గురవుతారని గుర్తించాయి.

ఆపదలో 112, ఆన్‌లైన్ మోసాలకు, బెదిరింపులకు 1930, పిల్లల కోసం 1098, మనసు కుంగిపోయినప్పుడు టెలీ మానస్ 14416. ఈ నాలుగు నంబర్లు ఇంటి గోడ మీద, నమాజు వేళల పట్టిక పక్కనే రాసిపెట్టుకోండి.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ఎప్పుడూ కలివిడిగా తిరిగే పిల్లవాడు ముడుచుకుపోయాడా? ఫోను మోగగానే ఉలిక్కిపడుతున్నాడా? కారణం చెప్పకుండా డబ్బు అడుగుతున్నాడా? ఒంటి మీద గాయాలు కప్పుకుంటున్నాడా? స్నేహితులందర్నీ వదిలేశాడా? అయితే తిట్టడానికి ముందు పక్కన కూర్చోండి.

వాడు నోరు తెరిస్తే మొదట పూర్తిగా వినండి. నసీహత్‌కు సమయం తర్వాత ఉంటుంది. మెసేజులు, ఫోటోలు తుడిచివేయనివ్వకండి. అవే రేపు చిరిగిన చొక్కాలా సాక్ష్యం చెబుతాయి. బెదిరించేవారికి డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. గాయాలుంటే డాక్టరుకు చూపించండి.

ప్రతీకారానికి మాత్రం దిగకండి. ఆ అమ్మాయి పరువు బజారున పెట్టడం, ఆమె ఇంటి మీదికి గుంపుగా వెళ్లడం మరో జులుం. ఆమె మతం ఏదైనా, కులం ఏదైనా ఈ మాట మారదు. జాలిమ్‌కైనా, మజ్లూంకైనా సాయం చేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. జాలిమ్‌కు సాయం ఎలా అని అనుచరులు అడిగితే, అతన్ని జులుం నుంచి ఆపడమే అతనికి సాయమని వివరించారు. రెండు కుటుంబాల పెద్దలు, అవసరమైతే పోలీసులు, ఆ చేతిని ఆపాలి.

అలాగే మీ కొడుకు చెప్పిందే వేదమనుకోకండి. జురైజ్ అనే భక్తుని గాథ హదీసుల్లో ఉంది. ఒక స్త్రీ అబద్ధపు నింద వేస్తే, జనం విచారించకుండానే ఆయన్ను కొట్టి ఆయన ఆశ్రమాన్ని కూలదోశారు. నిజం తెలిశాక సిగ్గుపడ్డారు. అబ్బాయి మాట వినకపోవడం ఎంత తప్పో, అమ్మాయి మాట వినకుండా తీర్పు చెప్పడం అంతే తప్పు. విచారణే న్యాయానికి తలుపు.

ఇక ఆ కుర్రవాడి సంగతి. నువ్వు చేసింది గునాయే, నీ మీద జరిగింది జులుమే అని చెప్పాము. రెండు రకాతులు నమాజు చేసి తౌబా చేసుకోమన్నాము. మరుసటి రోజు అతని అబ్బాజాన్‌తో మాట్లాడాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “మావాడు నాకెందుకు చెప్పలేదు మౌల్వీ సాబ్?” అని మాత్రం అడిగారు. ఆ సాయంత్రం కొడుకును వెంటబెట్టుకుని ఆయనే వెళ్లి ఆ అమ్మాయి తండ్రిని కలిశారు. ఆ పిల్ల ఫోనులోని ఫోటోలు ఆమె తండ్రి ఎదుటే తుడిచేశారు. ఆ తండ్రి కూడా కంటనీరు పెట్టుకున్నాడట.

ఇప్పుడు ఆ కుర్రవాడు ఇషా నమాజుకు ముందు వరుసలో, తన అబ్బా పక్కనే నిలబడుతున్నాడు. వాళ్లబ్బాయి అడిగే అవకాశం రాకముందే ఆ తండ్రి అడిగిన ప్రశ్నను మనమందరం మనల్ని అడుగుదాం. మన పిల్లలు మనకెందుకు చెప్పడం లేదు?

మజ్లూం మొరకు, తనకు మధ్య తెర ఉంచని ఆ ప్రభువు మన చెవులను కూడా ఆ మొరకు తెరచుగాక! మన బిడ్డలను జులుం చేయకుండా, జులుంకు గురికాకుండా కాపాడుగాక! ఆమీన్.